ఒక్క ఎక్స్‌తో రెండింటి పని: పండ్ల ఈగలో డోసేజ్ కాంపెన్సేషన్‌ను ఎంజైమ్ కొలిచి తేల్చుకోవడం ఎలా

ఆడ పండ్ల ఈగకు ఎక్స్ క్రోమోజోమ్‌లు రెండు, మగదానికి ఒకటే. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ జన్యుసంపదలో దాదాపు ఐదో వంతు ఆ ఒక్క క్రోమోజోమ్ మీదే ఉంటుంది. లెక్క ప్రకారం అక్కడి జన్యువుల నుంచి వచ్చే ఎంజైమ్‌లు మగ ఈగలో సగమే ఉండాలి. కానీ చాలావాటి విషయంలో అలా జరగదు. ఉన్న ఒక్క ఎక్సే రెండెడ్ల బరువు లాగే ఒంటెద్దులా రెట్టింపు పని చేస్తుంది. దీనికి డోసేజ్ కాంపెన్సేషన్ అని పేరు పెట్టినవాడు హెర్మన్ ముల్లర్. 1930ల మొదట్లో ఆయన చేతిలో ఉన్న ముఖ్య సాధనాల్లో ఒకటి ఈగ కంటి రంగు. వైట్-ఏప్రికాట్ అనే మ్యుటేషన్ ఒక్క ప్రతి (కాపీ) ఉన్న మగ ఈగ కన్ను, రెండు ప్రతులున్న ఆడ ఈగ కన్ను ఇంచుమించు ఒకే రంగులో ఉన్నాయి. అదే ఆడ ఈగలో ఒక ప్రతి తీసేస్తే రంగు వెలిసిపోయింది.

ఆ చివరి వాక్యమే ఈ మార్గదర్శికి ఆధారం. జీ6పీడీ అనేది ఎక్స్ మీది జన్యువు నుంచి వచ్చే ఒక ఎంజైమ్. ప్రాక్టికల్ రికార్డుల్లో ఎక్కువగా కనిపించే వాదన ఇది: "మగ, ఆడ ఈగల్లో జీ6పీడీ సమానంగా వచ్చింది, కాబట్టి డోసేజ్ కాంపెన్సేషన్ ఉంది." ఇది సరిపోదు. ఈగ శరీరం జన్యువులు ఎన్ని ఉన్నా ఎంజైమ్‌ను ఒకే మట్టంలో ఉంచే రకం అయితే కూడా సమానమే వస్తుంది. ఆడ ఈగలో ఒక ప్రతి తగ్గిస్తే ఎంజైమ్ సగానికి పడిపోతుందని చూపించాలి. అలా పడిపోయే ఎంజైమే మగ ఈగలో మాత్రం ఒక్క ప్రతితోనే నిండుగా ఉందని కూడా చూపించాలి. రెండూ కలిస్తేనే రుజువు.

కావాల్సినవి పెద్దవేమీ కావు: 340 నానోమీటర్ల కాంతిని ద్రవం ఎంత పీల్చుకుందో చదివే స్పెక్ట్రోఫొటోమీటర్, చల్లబరిచే సెంట్రిఫ్యూజ్, 25 డిగ్రీల ఇంక్యుబేటర్, స్టీరియో మైక్రోస్కోప్. ఎమ్మెస్సీ జువాలజీ, జెనెటిక్స్ విభాగాల్లో ఇవి సాధారణంగా ఉంటాయి.

మొదటి మెట్టు: ఎంజైమ్‌లు ఎంచుకోవడం

ఎక్స్ మీది ఎంజైమ్‌లు రెండు తీసుకోండి. ఒకటి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, అంటే జీ6పీడీ. దీని జన్యువు పేరు జెడ్‌డబ్ల్యూ, క్రోమోజోమ్ పటంలో 18డి దగ్గర ఉంటుంది. రెండోది 6-ఫాస్ఫోగ్లూకోనేట్ డీహైడ్రోజినేజ్, అంటే 6పీజీడీ. దీని జన్యువు ఎక్స్‌కు రెండో కొసన 2డి దగ్గర ఉంటుంది. సీకాఫ్, కప్లాన్, ఫచ్ అనే పరిశోధకులు 1969లో ఎంజైమ్ కొలతలతో డోసేజ్ కాంపెన్సేషన్‌ను చూపినప్పుడు వాడుకున్నవి కూడా ఇవే. రెండూ ఒకే జీవక్రియ దారిలో పక్కపక్కనే పనిచేస్తాయి, రెండూ ఎన్‌ఏడీపీ అనే సహాయక అణువును ఎన్‌ఏడీపీహెచ్‌గా మారుస్తాయి. ఎన్‌ఏడీపీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి కొలవడానికి ఇది సుఖం, అయితే ఇందులోనే ఒక చిక్కూ ఉంది. దాని సంగతి ఐదో మెట్టులో చూద్దాం.

కొలబద్ద కోసం ఎక్స్ మీద లేని ఎంజైమ్ ఒకటి తప్పనిసరి. నా ఓటు ఎన్‌ఏడీపీ ఆధారిత ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్‌కే. దీని జన్యువు మూడో క్రోమోజోమ్ మీద ఉంది, దీన్నీ అదే 340 దగ్గర, దాదాపు అదే బఫర్‌లో కొలవచ్చు. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ రెండో క్రోమోజోమ్‌ది, పేరు బాగా తెలిసినదే. కానీ లార్వా తినే మేతలో ఆల్కహాల్ పుడితే దాని మట్టం పెరుగుతుంది. పులిసిన సీసాలో పెరిగిన ఈగల్లో దాన్ని కొలబద్దగా నమ్మలేం. ఎదుగుదల దశల గురించి చెప్పడానికి మాత్రం అది బంగారం లాంటిది, అక్కడ వాడదాం.

రెండో మెట్టు: సంకరాలు

ఈ పనంతటికీ ప్రాణం ఇదే. రెండు సంకరాలు పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ తల్లులు ఒకే స్టాక్‌వి, అంటే తరతరాలుగా విడిగా పెంచుతున్న ఒకే ఈగల వంశానివి.

మొదటి సంకరంలో తండ్రులు మామూలువి. కూతుళ్లకు జెడ్‌డబ్ల్యూ ప్రతులు రెండు, కొడుకులకు ఒకటి.

రెండో సంకరంలో తండ్రుల ఎక్స్ మీద పనిచేయని జెడ్‌డబ్ల్యూ ఉంటుంది. జీ6పీడీ అసలు లేకపోయినా ఈగ బతుకుతుంది, కాబట్టి అలాంటి మగ ఈగలు దొరుకుతాయి. ఇందులో పుట్టిన కూతుళ్లకు పనిచేసే ప్రతి ఒక్కటే. కొడుకులకు కూడా ఒక్కటే, అదీ తల్లి నుంచి వచ్చిన అదే ప్రతి.

మొదటి సంకరంలో మగ, ఆడ సమానంగా రావాలి. రెండోదానిలో కొడుకులకు కూతుళ్ల కంటే రెట్టింపు రావాలి. ఒకే సీసాలో, ఒకే మేత తిని, ఒకే తల్లి జన్యువును ఒక్కో ప్రతి చొప్పున పంచుకున్న అన్నాచెల్లెళ్ల మధ్య రెట్టింపు తేడా కనిపిస్తే ఇక వాదనకు తావుండదు.

స్టాకులు తెచ్చుకునేటప్పుడు మూడు జాగ్రత్తలు. అమెరికాలోని బ్లూమింగ్టన్ స్టాక్ సెంటర్‌లో ఎక్స్ మ్యుటేషన్లు విస్తారంగా దొరుకుతాయి, మన దగ్గర మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. ఎక్కడ తెచ్చినా జన్యురూపం పూర్తిగా చదవండి. జెడ్‌డబ్ల్యూ లేని స్టాకుల్లో కొన్నింటికి 6పీజీడీ జన్యువు కూడా ఉండదు. కారణం ఆసక్తికరం: 6పీజీడీ ఒక్కటే పోతే ఈగ చచ్చిపోతుంది, జీ6పీడీ కూడా పోతే బతుకుతుంది. అందుకే ఆ రెండూ కలిసి పోయిన స్టాకులు నిలబడ్డాయి. మనకు కావాల్సింది జెడ్‌డబ్ల్యూ మాత్రమే పోయినది. అప్పుడు రెండు సంకరాల్లోనూ 6పీజీడీ మగ, ఆడ సమానంగా వచ్చి లోపలి కంట్రోల్‌గా పనికొస్తుంది.

రెండో జాగ్రత్త: ప్రొటీన్ అసలు తయారవని మ్యుటేషన్ కావాలి. జీ6పీడీ ఉపభాగాలు జతకట్టి పనిచేసే ఎంజైమ్. చెడిపోయిన ఉపభాగం తయారైతే అది మంచిదానితో జతకట్టి దాన్నీ చెడగొట్టవచ్చు. అప్పుడు కూతుళ్లలో సగం కంటే తక్కువ వస్తుంది, దాన్ని మీరు అపార్థం చేసుకుంటారు.

మూడోది: జీ6పీడీకి జెల్‌లో వేగంగా కదిలేది, నెమ్మదిగా కదిలేది అని రెండు సహజ రూపాలున్నాయి, వాటి చురుకుదనం ఒకటి కాదు. తల్లి స్టాక్‌లో ఒకటి, మామూలు తండ్రి స్టాక్‌లో ఇంకొకటి ఉంటే మొదటి సంకరం లెక్క వంకరపోతుంది. ముందే నేటివ్ జెల్ (ఎంజైమ్ చెడకుండా ప్రొటీన్లను విడదీసే జెల్) నడిపి, నైట్రోబ్లూ టెట్రజోలియంతో యాక్టివిటీ స్టెయిన్ చేసి, అంటే ఎంజైమ్ పనిచేసే చోట రంగు వచ్చేలా చేసి చూసుకోండి.

తల్లి స్టాక్‌కు ఒంటి రంగును పసుపుగా మార్చే ఎల్లో మ్యుటేషన్ ఉంటే మరీ మంచిది. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

మూడో మెట్టు: పెంచడం

బొంబాయి రవ్వ, బెల్లం, అగర్ మేత మన ల్యాబ్‌లకు అలవాటైనదే. మొక్కజొన్న పిండి మేత అయినా ఫర్వాలేదు. బూజు పట్టకుండా ప్రొపియానిక్ ఆమ్లం, పైన కాస్త ఈస్ట్. ఏ మేత అన్నది కాదు, అన్ని సీసాలకూ ఒకే రోజు వండిన ఒకే మేత అన్నదే ముఖ్యం. చక్కెర ఎక్కువైతే జీ6పీడీ, 6పీజీడీ రెండూ పెరుగుతాయి. ఒక సీసాలో బెల్లం ఎక్కువ పడితే మీరు కొలిచేది బెల్లాన్నే.

సీసాలు కిక్కిరిసిపోకూడదు. ఆకలితో పెరిగిన లార్వాలు చిన్నవైపోతాయి, దశలు ఆలస్యమవుతాయి. రెండు గంటల పాటు గుడ్లు పెట్టనిచ్చి తల్లులను తీసేయండి, సీసాకు గుడ్లు యాభైకి మించకుండా చూడండి. ఎండాకాలంలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగితే ఆ బ్యాచ్ పారేయడమే నయం. ఉష్ణోగ్రత మారితే వయసు లెక్కంతా తప్పుతుంది.

నాలుగో మెట్టు: మగ, ఆడ వేరుచేయడం

పెద్ద ఈగల్లో తేలిక. మగదానికి పొట్ట చివర నల్లగా, ముందు కాళ్ల మీద దువ్వెన పళ్లలాంటి నల్ల వెంట్రుకల వరస ఉంటుంది. కానీ ఈ పనికి పెద్ద ఆడ ఈగ మంచి నమూనా కాదని నా అభిప్రాయం. దాని పొట్ట నిండా గుడ్లే. ఆ గుడ్లలోని పచ్చసొన ప్రొటీన్ హారంలో చేరి, ప్రొటీన్ మిల్లీగ్రాముకు వచ్చే ఎంజైమ్ విలువను కిందికి లాగుతుంది. పెద్ద ఈగలనే వాడాలనుకుంటే పొట్ట తీసేసి తల, ఛాతీ మాత్రమే తీసుకోండి, వయసు కూడా ఒకటే ఉండాలి.

లార్వాకు మూడు దశలు; మూడో దశ చివరి లార్వా అన్నిటికంటే అనుకూలం. సీసా గోడలెక్కుతున్నప్పుడు పట్టుకుని నీటిచుక్కలో పక్కకు తిప్పి చూడండి. మగదానిలో శరీరం వెనక మూడో వంతు దగ్గర, కొవ్వు కణజాలం మధ్య రెండు వైపులా పారదర్శకమైన కోలమచ్చలు కనిపిస్తాయి. అవి వృషణాలు. ఆడదాని అండాశయాలు చాలా చిన్నవి, కంటికి ఆనవు. మొదట్లో కొన్ని తప్పుతాయి. వేరుచేసిన వాటిలో కొన్నింటిని పెరగనిచ్చి, పెద్ద ఈగలయ్యాక సరిచూసుకుంటే మీ కంటి మీద మీకు నమ్మకం కుదురుతుంది.

అంతకంటే చిన్న లార్వాల్లో వృషణాలు వెతకడం కష్టం. ఎల్లో తల్లుల అవసరం ఇక్కడే. తల్లులు ఎల్లో, తండ్రులు మామూలు రంగు అయితే కొడుకులంతా ఎల్లో, కూతుళ్లంతా మామూలు. ఎల్లో లార్వా నోటి కొక్కేలు గోధుమ రంగులో, మామూలు లార్వావి నల్లగా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద చూసి రెండు గుంపులుగా ఏరుకోవచ్చు.

ఐదో మెట్టు: సారం తీయడం, కొలవడం

పది లార్వాలను నీటితో కడిగి, వడపోత కాగితం మీద ఒత్తి, ఐసు మీద అర మిల్లీలీటరు చల్లని బఫర్‌లో నూరండి. బఫర్: 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5, ఒక మిల్లీమోలార్ ఈడీటీఏ, కొంచెం మెర్‌కాప్టోఇథనాల్, చిటికెడు ఎన్‌ఏడీపీ. ఎన్‌ఏడీపీ తోడుంటే జీ6పీడీ త్వరగా చెడదు. లార్వా రసం గాలి తగిలితే నల్లబడుతుంది, దాన్ని ఆపడానికి కొన్ని ఫినైల్‌థయోయూరియా స్ఫటికాలు వేస్తారు. అది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. 12,000 జీ వద్ద, 4 డిగ్రీల్లో, పదిహేను నిమిషాలు తిప్పండి. పైన తేలే కొవ్వు పొరను, అడుగు ముద్దను వదిలేసి మధ్యలోని తేట ద్రవాన్ని తీయండి. ఆ రోజే వాడండి. గడ్డకట్టించి కరిగిస్తే చురుకుదనం పోతుంది, అన్ని నమూనాల్లో ఒకేలా పోతుందన్న హామీ లేదు.

ఇప్పుడు ముందు చెప్పిన చిక్కు. జీ6పీడీ చర్య నుంచి వచ్చే సరుకు కాస్త రూపం మారి 6పీజీడీకి ముడిసరుకవుతుంది. మీరు క్యువెట్‌లో (స్పెక్ట్రోఫొటోమీటర్‌లో పెట్టే చిన్న పారదర్శక పాత్రలో) గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఒక్కటే వేస్తే, సారంలోనే ఉన్న 6పీజీడీ వెనకాలే పని మొదలుపెట్టి మరో ఎన్‌ఏడీపీహెచ్ తయారు చేస్తుంది. మీటర్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. అందుకని ప్రతి నమూనాకు మూడు క్యువెట్లు పెట్టండి. మూడింటిలోనూ ఒక మిల్లీలీటరు ద్రవం: 100 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.0, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 0.2 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీ, 20 మైక్రోలీటర్ల సారం. మొదటిదానిలో ఇంకేమీ వేయకండి, అది బ్లాంక్. రెండోదానిలో 6-ఫాస్ఫోగ్లూకోనేట్ ఒక మిల్లీమోలార్. మూడోదానిలో అదీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఒక మిల్లీమోలార్, రెండూ. రెండోది నేరుగా 6పీజీడీని చెబుతుంది. మూడోదాని నుంచి రెండోది తీసేస్తే మిగిలేది జీ6పీడీ.

ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్‌కు నాలుగో క్యువెట్: అదే బఫర్, ముడిసరుకు ఐసోసిట్రేట్.

25 డిగ్రీల్లో ఐదు నిమిషాలు చదివి, గీత వంపు లేకుండా తిన్నగా సాగిన భాగాన్నే తీసుకోండి. ఒకసారైనా సారాన్ని 10, 20, 40 మైక్రోలీటర్లుగా మార్చి చూడండి. సారం రెట్టింపైతే వేగమూ రెట్టింపు కావాలి. కాకపోతే ముడిసరుకు చాలడం లేదనో, సారంలో ఏదో అడ్డుపడుతోందనో అర్థం. ఈ పరీక్ష చేయకుండా "మగలో, ఆడలో సమానం" అని రాస్తే, మీటరే రెండింటినీ ఒకే చోట ఆపేసి ఉండవచ్చు.

ఆరో మెట్టు: లెక్క

ఎన్‌ఏడీపీహెచ్ ఒక మిల్లీమోలార్ ఉంటే ఒక సెంటీమీటరు దారిలో 340 దగ్గర శోషణ 6.22. లెక్క చూపడానికి ఊహించుకున్న అంకెలు తీసుకుందాం. బ్లాంక్ తీసేశాక మూడో క్యువెట్‌లో నిమిషానికి 0.0622, రెండోదానిలో 0.0249. తేడా 0.0373. దాన్ని 6.22తో భాగిస్తే 0.006 మిల్లీమోలార్, అంటే ఒక మిల్లీలీటరులో నిమిషానికి 6 నానోమోల్‌లు. వేసిన 20 మైక్రోలీటర్లలో ప్రొటీన్ 0.04 మిల్లీగ్రాములైతే జీ6పీడీ చురుకుదనం మిల్లీగ్రాముకు, నిమిషానికి 150 నానోమోల్‌లు. ప్రొటీన్‌ను బ్రాడ్‌ఫోర్డ్ అనే రంగు పద్ధతిలో కొలవచ్చు.

ఒక్కో ఈగకు ఇంత అని మాత్రం రాయకండి. ఆడ ఈగ మగదానికంటే పెద్దది, ఒక్కో ఈగ లెక్కలో ఏ ఎంజైమ్ అయినా ఆడదానికే ఎక్కువ వస్తుంది. ప్రొటీన్ లెక్క దానికంటే మెరుగు. అసలు తీర్పు మాత్రం ఎక్స్ ఎంజైమ్‌ను అదే సారంలోని ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్‌తో భాగించిన నిష్పత్తిది. నూరడంలో, పిపెట్‌లో జరిగే చిన్న తేడాలు అక్కడ చాలావరకు కొట్టుకుపోతాయి.

మగ నిష్పత్తిని ఆడ నిష్పత్తితో భాగించండి. మొదటి సంకరంలో 1 దగ్గరికి వస్తే సరి, 0.5 దగ్గరికి వస్తే సర్దుబాటు (డోసేజ్ కాంపెన్సేషన్) లేనట్టు. రెండో సంకరంలో జీ6పీడీకి 2, 6పీజీడీకి 1 దగ్గరికి రావాలి. ఒకే సారాన్ని ఐదుసార్లు కొలిస్తే అవి ఐదు నమూనాలు కావు. వేర్వేరు సీసాల నుంచి తీసిన ఐదు సారాలు కావాలి. నిష్పత్తులకు లాగరిథమ్ తీసి టీ-టెస్ట్ చేయండి.

ఎంజైమ్ బదులు ఎంఆర్‌ఎన్‌ఏను (జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ నకలును) క్యూపీసీఆర్‌లో కొలుస్తామనేవాళ్లకు ఒక్క మాట. పోల్చిచూసే రిఫరెన్స్ జన్యువుగా యాక్టిన్-5సీ వాడొద్దు, అది ఎక్స్ మీదే ఉంది. ఎక్స్‌ను ఎక్స్‌తో భాగిస్తే సర్దుబాటు ఉన్నా లేకున్నా జవాబు ఒకటే. మూడో క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎల్32 వాడండి.

ఏడో మెట్టు: ఎదుగుదల దశల వెంట

25 డిగ్రీల్లో గుడ్డు ఒక రోజులో పగులుతుంది. మొదటి, రెండో లార్వా దశలు ఒక్కో రోజు, మూడోది రెండు రోజులకు పైగా, ప్యూపా నాలుగు రోజులు. గుడ్డు నుంచి ఈగ దాకా పది రోజులు. ప్రతి దశలోనూ పై కొలతలు తీసి రెండు వేర్వేరు గ్రాఫులు గీయండి: ఒకటి ఎంజైమ్ మట్టానిది, ఇంకొకటి మగ-ఆడ నిష్పత్తిది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ ఈ తేడా చూపించడానికి చక్కగా పనికొస్తుంది. లార్వా దశలో ఎక్కుతూ వచ్చి మూడో దశ చివర శిఖరం చేరుతుంది, ప్యూపాలో దిగుతుంది, ఈగ బయటికొచ్చాక మళ్లీ లేస్తుంది. దీని జన్యువుకు ప్రమోటర్లు (జన్యువు పనిని మొదలుపెట్టించే డీఎన్‌ఏ భాగాలు) రెండు, లార్వా చాలాకాలం ఒకటి వాడితే పెద్ద ఈగ ఇంకొకటి వాడుతుంది. మట్టం ఇన్ని మలుపులు తిరిగినా దానికీ ఎక్స్ సర్దుబాటుకూ సంబంధం లేదు.

తొలి గంటల పిండంలో ఎంజైమ్ కొలతలను నమ్మొద్దు. అప్పుడు గుడ్డులో ఉన్నది చాలావరకు తల్లి నింపి పంపిన సరుకు, అది కొడుకుకూ కూతురుకూ ఒకటే. అక్కడ నిష్పత్తి 1 వచ్చిందంటే అది తల్లి లెక్క. పిండం సొంత జన్యువులు పని మొదలుపెట్టాక, గుడ్డు పెట్టిన సుమారు మూడు గంటలకు, సర్దుబాటు చేసే ప్రొటీన్లు మగ ఎక్స్ మీద కనిపిస్తాయి.

ఎనిమిదో మెట్టు: కారణాన్ని కంటితో చూడటం

మూడో దశ మగ లార్వా లాలాజల గ్రంథి తీసి ఎసిటో-ఆర్సీన్ రంగు వేసి గాజు పలకల మధ్య నొక్కి (స్క్వాష్ చేసి) చూడండి. ఒక్కటే ఉన్నా మగ ఎక్స్ సన్నగా ఉండదు. జతకట్టిన మిగతా క్రోమోజోమ్‌లంత వెడల్పుగా, కాస్త లేతరంగులో ఉబ్బినట్టు కనిపిస్తుంది. 1965లో ఎ. ఎస్. ముఖర్జీ, వోల్ఫ్‌గాంగ్ బీర్మన్ ఈ గ్రంథులకే రేడియోధార్మిక యూరిడిన్ ఇచ్చి, మగ ఒంటరి ఎక్స్ దాదాపు ఆడ ఎక్స్‌లు రెండూ కలిసి చేసినంత ఆర్‌ఎన్‌ఏ తయారు చేస్తోందని చూపించారు. ఆ తర్వాత ముఖర్జీ, ఎస్. సి. లఖోటియా కలకత్తా నుంచి 1969లో ఇదే దారిలో పరిశోధన ప్రచురించారు: ఈ అదనపు చురుకుదనాన్ని ఏ కణానికి ఆ కణమే నిర్ణయించుకుంటుందని. మన దేశపు జన్యుశాస్త్రంలో ఈ రెండు పరిశోధనల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పాల్సినంత చెప్పవని నా ఫిర్యాదు.

యంత్రాంగం క్లుప్తంగా ఇది. ఎంఎస్‌ఎల్-1, ఎంఎస్‌ఎల్-2, ఎంఎస్‌ఎల్-3, ఎంఎల్‌ఈ, ఎంఓఎఫ్ అనే ప్రొటీన్లు, రాక్స్1, రాక్స్2 అనే ఆర్‌ఎన్‌ఏలు గుంపుగా మగ ఎక్స్‌ను పట్టుకుంటాయి. ఎంఓఎఫ్ అక్కడి హిస్టోన్ హెచ్4లో (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్లలో ఒకటి) 16వ లైసిన్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపును తగిలిస్తుంది, డీఎన్‌ఏ మీద దాని పట్టు సడలుతుంది. ఆడ ఈగలో ఎస్‌ఎక్స్‌ఎల్ ప్రొటీన్ ఎంఎస్‌ఎల్-2ను తయారు కానివ్వదు, కాబట్టి గుంపు కట్టదు. బెలోటె, లుకేసి 1980లో ఎంఎల్‌ఈ చెడిన మగ లార్వాల్లో ఎక్స్ ఎంజైమ్‌లు తగ్గిపోవడం, మిగతా క్రోమోజోమ్‌లవి తగ్గకపోవడం చూపించారు. మీరు చేసిన కొలతలే, మ్యుటెంట్లలో. ఆ మగ ఈగలు లార్వా చివరిలోనో ప్యూపా మొదట్లోనో చచ్చిపోతాయి, కాబట్టి మూడో దశ లార్వాలే దిక్కు.

అంకెలు అటూ ఇటూ అయితే

మొదటి సంకరంలో 6పీజీడీ 1 దగ్గరికి వచ్చి జీ6పీడీ మాత్రం 0.7 వస్తే, ముందు అనుమానించాల్సింది వేగపు, నెమ్మది రూపాల కలగలుపును. రెండూ ఒకేలా 0.7 వస్తే ఆడ లార్వాలు వయసులో కాస్త ముందున్నాయేమో, కొలబద్ద ఎంజైమ్ ఆ దశలో మారుతోందేమో చూడండి. రెండో సంకరంలో 2కు బదులు 1.4, 1.5 వస్తుంటే చాలాసార్లు కారణం లింగం తప్పుగా గుర్తించడమే. మగ గుంపులో ఆడవి, ఆడ గుంపులో మగవి కలిస్తే నిష్పత్తి 1 వైపుకే జారుతుంది. నోటి కొక్కేల రంగుతో మళ్లీ ఏరండి.

నిజంగానే 0.5 వచ్చే జన్యువులూ ఉన్నాయి. లార్వా రక్తంలో నిల్వ ఉండే ఎల్‌ఎస్‌పీ-1 ప్రొటీన్‌కు ఆల్ఫా, బీటా, గామా అని మూడు ఉపభాగాలు. వాటిలో ఆల్ఫా జన్యువు ఎక్స్ మీద 11ఎ దగ్గర ఉన్నా దానికి సర్దుబాటు లేదు. బీటా రెండో క్రోమోజోమ్‌ది, గామా మూడోదానిది. ఒకే జెల్‌లో మగ, ఆడ లార్వాల రక్తం నడిపి ఆల్ఫా గీతను బీటా గీతతో పోల్చండి. మీ స్టాక్‌లో మూడు గీతలూ విడిగా కనిపిస్తే, మగ వరుసలో ఆల్ఫా సగానికి పలచబడి ఉంటుంది. మీ పద్ధతి సర్దుబాటు లేనిదాన్ని కూడా పట్టుకోగలదని చూపే నెగటివ్ కంట్రోల్ ఇది. దీన్ని రికార్డులో జీ6పీడీ గ్రాఫ్ పక్కనే అతికించండి.